మట్టి అయిపోయే చోటు

రాచకొండ గుట్టల మీద
చెట్లను ఆపేది మంచు కాదు, చలి కాదు.
మట్టి అయిపోతుంది, అంతే.
కింద సీతాఫలం, ఆ పైన తునికి, బలుసు, పరికి కంప,
ఇంకా పైకి పోతే అవే చెట్లు కుంగి
నడుమెత్తయి, మోకాలెత్తయి,
చివరకు బండ.

ఐదున్నరకే ఎక్కడం మొదలుపెట్టాం.
నా మెడలో అడిగి తెచ్చుకున్న దుర్భిణి,
చేతిలో గళ్లు గీసిన నోటుబుక్కు:
ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎంతసేపు.
ముందు ఈదమ్మ, చెప్పుల్లేకుండా.
నా మోకాళ్ల కోసం రెండుచోట్ల ఆగి
తునికాకు ఏరుతున్నట్టు నటించింది.

ఏట్రింతలు రెండు, సీతాఫలం పొదల్లో.
కౌజులు ఏడో, ఎనిమిదో,
కాళ్ల కిందినుంచి బుర్రున లేచి లెక్క చెడగొట్టాయి.
"ఏడున్నర రాయి టీచరమ్మా" అంది.

చిట్టచివరి చెట్టు తపసి.
నెర్రెలో వేళ్లు దూర్చి
బండను పట్టుకుందో, బండే దాన్ని పట్టుకుందో.
ఆకు ఒక్కటి లేదు.
ఎండకు పొక్కిన వీపులా తెల్లటి తోలు లేచి ఉంది.
దీని బంక కోసం వాళ్లమ్మ
రోజూ ఇక్కడికి ఎక్కేదట.
గొడ్డలి గాటు ఇంకా ఉంది, పెదవులు మూసుకుని.

అప్పుడు ఆ పసుపు గొంతు.
మూడేళ్లుగా నేను వెతుకుతున్న కొండ పికిలి
తపసి కొమ్మ మీద, అంత దగ్గర,
దుర్భిణిలో పట్టనంత దగ్గర.
"దొంగ పికిలి. గమ్మునుండు" అంది ఈదమ్మ.
ఉన్నాను.

అవతలి గుట్టకు మందు పెట్టారు.
ముందు బండ అదిరింది నా అరికాళ్లలో,
చప్పుడు తర్వాత వచ్చింది.
క్వారీ దుమ్ము లేచి, ఎటు పోవాలో తెలియక
అక్కడే నిలబడింది.
కొమ్మ ఊగుతోంది. పిట్ట లేదు.
కింది పొదలు కూడా నోరు మూసుకున్నాయి.

గడియారం చూస్తూ కూర్చున్నాను.
ఏ పిట్ట: గీత.
ఎన్ని: గీత.
ఎంతసేపు: పదకొండు నిమిషాలు.
మొదట కూసింది ఏట్రింతే,
అదీ తిడుతున్నట్టు.

ఈదమ్మ మాత్రం బండ గుంటలో వంగి ఉంది.
పిడికెడు దుమ్ములో ముడుచుకుపోయిన ఆకు,
గోధుమ రంగు, చేత్తో నలిపితే పొడి.
"సచ్చిందా?" అన్నాను.
"పండుకున్నది."
సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్లు
నాకివ్వకుండా దాని మీద పోసింది.
"పొద్దుగూకే యాళ్లకు ఇచ్చుకుంటది."

మేం పొద్దుగూకేదాకా ఆగలేదు.
దిగుతుంటే దాహం,
మోకాళ్లెత్తు తునికి, నడుమెత్తు తునికి,
తర్వాత నీడ.