దగుసా

గాంధీ జయంతి.
కమ్మనహళ్లిలో మాంసం కొట్లన్నీ షట్టర్లు దించుకున్నాయి.
మాకేం దిగుల్లేదు,
ముందురోజే మా ఆయన హోసకోట నుంచి
ప్రాణమున్న పుంజుని తెచ్చి
సింటెక్స్ ట్యాంకు పైపుకి కట్టేశాడు.
తెచ్చినవాడు ఊరుకోక
రాత్రి దాన్ని మా చిన్నోడికి చూపించాడు.
తెల్లారేసరికి దానికి పేరుంది.
అలారం.

పేరున్నదాని మెడ మీద కత్తి ఎవరు పెడతారు?
అత్త నన్ను చూసింది.
నేను మా ఆయన్ని చూశాను.
మా ఆయన గాంధీని అడ్డం పెట్టుకున్నాడు.

అట్లా రెండు కూరలు దిక్కులేనివయ్యాయి:
అత్త నాటుకోడి పులుసు,
నా తోటికోడలు తిగిస్ట్ వండాల్సిన దోరో వొత్.
ఒక కోడికి రెండు కాళ్లే కదా,
ఏ కూరలో ఏ కాలని వారం నుంచీ పంచాయితీ.
ఇప్పుడు ఇద్దరికీ చెరో డజను గుడ్లు.

తిగిస్ట్‌ది అడిస్ అబాబా.
ఫార్మసీ చదవడానికొచ్చి మా మరిదికి దొరికింది.
కన్నడ నాకన్నా బాగా మాట్లాడుతుంది,
కూరగాయలవాడు ఆమెకి చెప్పే ధరే తక్కువ.
తెలుగు మాత్రం అత్త దగ్గర పట్టింది,
అందుకే ఆమె విసుగు కూడా పుంగనూరు యాసలో ఉంటుంది.

మేడ మీద మూడిటుకల పొయ్యిలు రెండు.
ఒకదాని మీద సంగటికి ఎసరు.
రెండోదాని మీద ఉల్లిపాయలు,
చుక్క నూనె లేకుండా, గంటసేపటి నుంచి.
"మాడబెడతాండావు పిల్లా!"
"మాడదత్తా. నువ్వు రవ్వంత ఓర్చుకో."
గరిటె పట్టుకుని నేను నిలబడిపోయాను.
ఏడేళ్లు వండాను ఈ ఇంట్లో,
అత్తని ఓర్చుకోమనొచ్చని నాకు తెలీదు.

మూడు రోజుల పిండి బకెట్లో పులిసి
మెట్లదాకా వాసన.
వాళ్ల టెఫ్ ఇక్కడ దొరక్క
మా డబ్బాలో రాగిపిండే కలిపింది.
పెనం మీద అంచు నుంచి సుడి తిప్పి పోసి
మూత పెట్టింది. తిరగెయ్యలేదు.
తీసేసరికి ఒళ్లంతా కళ్లు.

పలమనేరు నుంచొచ్చిన గంగులత్త
ఓ మూల తుంచి నోట్లో వేసుకుంది.
"మన రాగులే కదమ్మే, వేషం మార్చుకోనుండాయి."
"మావి కూడా," అంది తిగిస్ట్.
"మా అవ్వ చేను నిండా ఇవే. దగుసా అంటాం."

దగుసా.

అసలు ఇవి ఆ దేశాల నుంచే
వేల ఏళ్ల కింద మనకొచ్చాయంటారని
మరిది యుగంధర్ ఫోన్లో చూసి చదివాడు.
"మా నాయిన చేన్లో మొలిచినాయి రా,
యాణ్ణించీ రాలే," అంది అత్త.
కాసేపు మంట ఎగదోసింది.
తర్వాత సంగటి తెడ్డు తిగిస్ట్ చేతికిచ్చి
"ఉండలు కట్టకుండా కెలుకు," అంది.
ఆ తెడ్డు నా చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది.
చెప్పలేదు ఎవరికీ. ఇప్పుడు చెప్తున్నా.

తుంపర మొదలైంది. బట్టల తీగల కింద
టార్పాలిన్ లాగి కట్టి, అందరం ఒకే తాంబాళం చుట్టూ.
కింద ఇంజెరా, పైన ఎర్రటి గుడ్లు,
నడుమ సంగటి ముద్ద,
పక్కన చెనిక్కాయల ఊరిబిండి.
ఎంగిలి అనే మాట
అందరి పళ్ల వెనక దాకా వచ్చి
మళ్లీ లోపలికి పోయింది.

తిగిస్ట్ ఒక ముద్ద చుట్టి
అత్త నోటి ముందు పెట్టింది.
కాదనకూడదట. ఒక్కదానితో ఆపకూడదట.
అత్త, పక్కింటి మేడ వైపు చూసి,
ఎవరూ లేరని తేల్చుకుని,
నోరు తెరిచింది.
మూడో ముద్దకి కళ్లలో నీళ్లు.
"కారం," అంది.
మా పుంగనూరామె! కారమట!

నాలుగోది నాకు.
నమల్తూ తోటికోడలి వేళ్లు చూశాను,
గోళ్ల సందుల్లో రాగిపిండి,
నా గోళ్లల్లో ఉన్నట్టే.

తాడు ఎవరు విప్పారో,
అలారం మా మధ్యకొచ్చి
పడిన మెతుకూ తుంచిన అంచూ ఏరుకుంటోంది.
మధ్యాహ్నం రెండింటికి మెడ చాచి ఒక కూత కూసింది.

రేపు మూడో తేదీ అని
దానికింకా ఎవరూ చెప్పలేదు.