తొమ్మిదో డెక్కు

ఎనిమిది నెలల కిందట కొన్నాం టిక్కెట్లు.
తొమ్మిదో డెక్కులో గది, సముద్రం వైపు బాల్కనీ.
ఓడవాళ్ళతో కూడా బేరమాడొచ్చని
హైమవతి వదిన వల్లే తెలిసింది నాకు.

యాభై మూడేళ్ళకి మొదటిసారి ఈతబట్టలు కొన్నాను.
ముదురు నీలం, మోకాళ్ళ దాకా.
గది గడియ పెట్టి వేసుకుని
అద్దంలో ఒక్కసారి చూసుకుని విప్పేశాను.
ధర చీటీ కత్తిరించలేదు.

వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికీ తెలియవంటారు.
ఇప్పుడు వాన రాకడ గంటలతో సహా తెలుస్తుంది.
ఫోనులో తెల్లటి శంకువొకటి
రోజుకింత లావెక్కుతూ టెక్సస్ వైపు తిరిగింది.
అంతా చూస్తూనే
మేం ఎండటోపీలు సర్దుకున్నాం.

నేను పుట్టింది నిజాంపట్నంలో.
రేవులో పదో నంబరు ఎగరేశారని వింటే
మా నాయనమ్మ బియ్యం డబ్బా అటకెక్కించేది,
ఇంకెవరి మాటా వినేది కాదు.
ఆవిడ మనవరాలిని, డాలస్ నుంచి
అయిదు గంటలు కారు నడిపాను
తుఫానుకి ఎదురు.

దారిలో మొదటి కబురు:
ఆదివారం కాదు, సోమవారం బయల్దేరతాం.
కాఫీ దగ్గర రెండోది:
కొజుమెల్ ఆగం, బదులుగా సముద్రం మీద ఒక ఆహ్లాదకరమైన రోజు.
మూడోది గాల్వెస్టన్ వంతెన మీద వచ్చింది.
దాన్ని వదిన పైకి చదవలేదు.
పరీక్ష తప్పిన పిల్ల మార్కుల కాగితంలా
ఫోను ఒళ్ళో బోర్లించింది.

రేవులో మా ఓడ లేదు.
మూడు వేల మందితో ఎక్కడో దక్షిణాన
తుఫానుకి దూరంగా గుండ్రాలు తిరుగుతోందట.
వాళ్ళు దిగలేరు, మేం ఎక్కలేం.
కార్లు నిలిపే చోట కుర్రాడు
మా డబ్బు మాకిచ్చి ఉత్తరానికి చెయ్యి చూపించాడు.
వీధి పొడుగునా కిటికీలకి చెక్కలు కొడుతున్నారు.
ఆ సుత్తి దెబ్బలు
హంట్స్‌విల్ దాకా నా చెవుల్లోనే ఉన్నాయి.

మోటెల్లో చివరి గది దొరికింది.
పక్క గదిలో డెల్ఫీన్, డెబ్బై దాటిన మనిషి,
ఒక గోనెసంచీ, ఒక పంజరం.
చిలక నిమిషానికోసారి అంటుంది: తలుపు మూయ్.
గాల్వెస్టన్‌లో మీ ఇల్లెక్కడ, అని అడిగిందావిడ మమ్మల్ని.
మాది ఇల్లు కాదండీ, విహారయాత్ర
అనడానికి
నోరు రాలేదు నాకు. వదినే చెప్పింది.
ఆవిడ నవ్వింది. అయ్యో, ఎంత ఆశపడి ఉంటారో, అంది.
అది ఎత్తిపొడుపు కాదు.
అదే నన్ను ఇవాళ్టికీ పొడుస్తోంది.

రెండో రాత్రి కరెంటు పోయింది.
ఓడలో అయితే ఆ రాత్రి అందరూ ముస్తాబయ్యే విందు.
వదిన పెట్టె తెరిచి, చీకట్లోనే
వెంకటగిరి జరీ చీర కట్టుకుంది.
ఎందుకని అడగలేదు నేను.
టార్చి వెలుగులో, మోటెల్ టిఫిన్ల గదిలో,
ఉత్త బ్రెడ్డూ, నా సంచిలోంచి మాగాయా.
డెల్ఫీన్ జరీ అంచు వేళ్ళతో తడిమి చూసింది.
బయట గాలి ఎవర్నో పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంది.
ఉన్నట్టుండి అంది:
వచ్చేటప్పుడు తాళం వేశానో లేదో గుర్తు లేదు.

తొమ్మిదో రోజుకి మా డబ్బంతా తిరిగొచ్చింది,
రేవు పన్నుతో సహా, సెంట్లతో సహా.
డెల్ఫీన్‌కి ఫోను చేశాను.
మెట్లున్నాయి, అంది. అయిదు మెట్లు, చెక్కుచెదరకుండా.
మెట్ల పైన?
ఆవిడ మాట్లాడలేదు.
వెనక నుంచి చిలక
తలుపు మూయ్, తలుపు మూయ్.

వదిన ఏప్రిల్‌కి టిక్కెట్లు చూస్తోంది.
అప్పుడు తుఫానులు ఉండవట.
నేను ఊఁ అనలేదు, వద్దనీ అనలేదు.
నిన్న రాత్రి కత్తెర వెతికి
చీటీ మాత్రం కత్తిరించాను.