రెండు వేళ్ల బట్ట

బర్కత్‌పురల నాది ఆల్టరేషన్ దుకాణం.
మనిషి మెట్లెక్కుతుంటెనే
భుజాల కొలత చెప్పగలను.
అయినా
నాకు సరిపొయ్యే మనిషిని దేవులాడెటందుకు
పదకొండు నెలలు పట్టింది.

బుగులు. దానికి ఇంకో పేరు లేదు.
బట్ట పరిచి, సుద్దతోని గీతలు గీసి,
కత్తెర తెరిచినంక
చెయ్యి ముంగటికి పోదు.
గిరాకి నిలబడి ఫోన్ చూసుకుంటది.
చాయ్ తాగొస్తనని చెప్పి
నేను మెట్ల మీద కూసుంట.

బంజారాహిల్స్‌ల ఆయన గది చల్లగ, మంచిగనే ఉండె.
ఒకటి నుంచి పదిల మీ బుగులు ఎంత, అన్నడు.
ఇంచులల్ల చెప్పాల్నా, సెంటీమీటర్లల్లనా
అని అడుగబుద్ధయింది.
ఏడు, అన్న.
ఏడు రాసుకున్నడు.
చెడ్డోడేం కాదు.
కుట్టి పెట్టిన అంగీ ఇచ్చిండు,
నాకు చంకల కాడ పట్టింది.

ఇంకొకామె నాకంటె ముందు ఏడ్చింది.
నేనే నీళ్ల సీస అందిచ్చిన.
వచ్చేటప్పుడు పైసలు గూడ కట్టిన.

తర్వాత ఎవ్వరి దగ్గరికీ పోలే.
మా దుకాణంల కాజాలు కుట్టే సాబిరా ఆపా
దారం పండ్లతోని తెంపుకుంట అన్నది:
"ఒక్క ట్రయల్‌కే బట్ట పారేస్తమా బిడ్డా?"

తార్నాక. మూడో అంతస్తు. లిఫ్ట్ పనిచెయ్యదు.
ఫ్యాను తిరిగినప్పుడల్ల టిక్కుమంటది.
నీలవేణి మేడమ్‌ది నెల్లూరు.
బుగులు, అన్న.
"ఆ మాట నాకు తెలీదండీ. భయమా?"
అని, నా మొకం చూసి,
"కాదులెండి. మీ మాటే ఉంచుదాం" అన్నది.
కొద్దిసేపాగి,
"కత్తెర అప్పుడు ఏ చేతిలో ఉంటుంది?"

ఎడమ, అన్న.

అంతే, నోట్లకెల్లి ఇంకేం రాలే.
ఎడమ చెయ్యి మీద వాత,
ఎనిమిదేండ్లప్పటిది,
ముప్పై ఏండ్ల సంది గాజుల కింద దాస్తున్న.
ఆమె దాని దిక్కు చూడలే.
గడియారం దిక్కు గూడ చూడలే.
కిందింట్ల కుక్కర్ మూడు కూతలు పెట్టింది.

మేం దర్జీలం కుట్టు లోపట
రెండు వేళ్ల బట్ట ఇడిసిపెడ్తం,
రేపు ఒళ్లు మారితే ఇప్పుకునెటందుకు.
బయటికి కనపడదు.

నయమేం కాలే.
నిన్న గూడ ఒక లంగ బట్ట
గంటసేపు అట్లనే పరిచి ఉండె.
బేస్తారం ఐదున్నరకు మళ్ల పోవాలె.
పొద్దుగాల గాజులు తీసి సొరుగుల పెట్టిన.
మళ్ల తొడుక్కున్న.