తుమ్ము

మిర్చి యార్డులో తుముల్ని ఎవరూ లెక్కపెట్టరు.
చిరంజీవ అనే తీరిక ఎవరికీ ఉండదు.

పోయిన మాఘంలో మూడో టిక్కీ భుజానేసుకుని
లారీ చెక్క మీద కాలు పెట్టానో లేదో
వచ్చిందొకటి.
నడుములోంచి మడమ దాకా
కరెంటు తీగ తెగిపడ్డట్టు.

కొత్తపేటలో ఫిల్ము తీశారు.
నాలుగో పూసకీ ఐదో పూసకీ నడుమ, బజ్జీ నొక్కితే
వాము ముద్ద బయటికొచ్చినట్టు డిస్కు.
ఒకరు ఆపరేషనన్నారు, ఒకరు బెల్టన్నారు.
మేస్త్రి ఏసుపాదం మాట్లాడకుండా
బ్రాడీపేటలో ఓ మేడ మెట్లెక్కించాడు.

ఆ కుర్ర డాక్టరు వెంటనే చెయ్యి వెయ్యలేదు.
బొటనవేలు ఎత్తమన్నాడు.
"రోజుకెన్ని బస్తాలు?"
నూట యాభై.
పెన్ను ఆగింది.

విరుస్తాడనుకున్నా.
బల్లే మధ్యలో విరిగి
మెల్లగా కిందికి వంగింది, మళ్ళీ లేచింది,
నన్ను మోస్తూ.
ముప్పై ఏళ్ళలో
నన్నొకటి మొయ్యడం అదే మొదలు.

ఇప్పటికి ఏడుసార్లు వెళ్ళాను.
నొప్పి మడమ వదిలి పిరుదు దాకా వెనక్కొచ్చింది.
బస్తా సంగతి ఇంకా అడగలేదు. అడగబుద్ధి కాలేదు.

నిన్న నా చొక్కా ఘాటుకి
డాక్టరే తుమ్మాడు, వరసగా నాలుగు.
బోర్లా పడుకునే నవ్వాను,
రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని.