చెల్లుబాటు

ఏడింటికి తలుపులు మూశాం.
అయోవాలో జనవరి. బయట మైనస్ పద్దెనిమిది.
బడి జిమ్ములో, బాస్కెట్‌బాల్ గీతల మీద
బూట్ల మంచు కరిగి మడుగులు కట్టింది.
"జారతారు, చూసుకోండి" అన్నదే
ఈ రాత్రి నా మొదటి రాజకీయ ప్రసంగం.

పగలు నేను పసుపు బస్సు నడుపుతాను.
ఇక్కడున్న వాళ్ళలో సగంమందిని
ఏదో ఒక చలికాలం ఎక్కించుకుని దించినదాన్నే.
అందుకే లెక్క నాకప్పగించారు:
పిల్లల్ని దారిలో వదలని మనిషి
ఓట్లనీ వదలదని.

పెట్టె లేదు, తెర లేదు,
వేలికి సిరా చుక్క లేదు.
నీకు నచ్చిన పేరున్న మూలకి
నీ కాళ్ళతో నువ్వే నడిచి వెళ్ళి నిలబడాలి,
అప్పిచ్చినవాడు చూస్తుండగా,
పన్ను పీకిన డాక్టరు చూస్తుండగా,
పోయినేడు విడాకులిచ్చిన మొగుడు
ఎదుటి మూల నుంచి చూస్తుండగా.

తలలు అరవై నాలుగు.
పదిమంది లేని గుంపు చెల్లదు.
రూలు పుస్తకంలో మాట అంతే, చెల్లదు,
చిరిగిన నోటుకి చెప్పినట్టు.

మంచినీళ్ళ కుళాయి పక్కన తొమ్మిదిమంది.
రెండుసార్లు లెక్కపెట్టాను.
మూడోసారి భుజాలు ముట్టుకుంటూ లెక్కపెట్టాను.
తొమ్మిదే.
అర్లిస్ ట్వేట్, భుజాన నిద్రపోతున్న మనవరాల్ని చూపించి
"మరి ఇదో?" అంది.
నవ్వాం. పిల్ల లెక్కలోకి రాదు.

స్కోర్‌బోర్డు కింద డెల్మర్ హ్రుష్కా,
ఎటూ తేల్చనివాడు.
గోడ మీద పిల్లి అందామంటే
పిల్లి ఎటో ఓ పక్క దూకుతుంది;
ఇతను గోడకే అతుక్కుపోయాడు.
ఒకరు వచ్చి మొక్కజొన్న ధర అన్నారు,
ఒకరు ఆసుపత్రి బిల్లు అన్నారు,
ఒకామె నిమ్మ బిస్కెట్లు డబ్బాతో సహా చేతిలో పెట్టింది.
బిస్కెట్ తిన్నాడు. కదల్లేదు.

గంట కొట్టాను.
తొమ్మిదిమందీ చెదిరిపోయారు,
ఈ మూలకి కొందరు, ఆ మూలకి కొందరు,
కోటు తగిలించుకుని ఒకరిద్దరు ఇంటికి.
అర్లిస్ మాత్రం కాసేపు అక్కడే,
బస్సాగని చోట నిలబడ్డ మనిషిలా.

చివరి ప్రతినిధి స్థానానికి రెండు గుంపులూ సమానం.
క్వార్టర్ ఎగరేశాం.
అది బల్లకింద దొర్లిపోతే
ఇద్దరు పెద్దమనుషులు మోకాళ్ళ మీద వెతికారు.
దేశం ఎటు పోతుందో తేలిన క్షణం అని
టీవీలో అంటారేమో;
నాకు కనిపించింది పాస్టరు గారి సాక్సుకి చిరుగు.

తొమ్మిదింపావు. జనం ట్రక్కులు వేడెక్కించుకోడానికి పోయారు.
మిగిలింది ఏడుగురం, మడవని కుర్చీలు,
అడుగంటిన కాఫీ.
"తీర్మానాలేవైనా?"
అడగాలి కాబట్టి అడిగాను.

అప్పుడు గోడ కదిలింది.
డెల్మర్ జేబులోంచి విత్తనాల రసీదు తీశాడు,
వెనక పెన్సిల్ రాత.
చూసి చదవలేదు.
"మా బావి నీళ్ళు పరీక్ష చేయించాను.
నైట్రేటు పది దాటకూడదట. ఇరవై ఆరుంది.
ఎరువు చల్లింది నేనే. నలభై ఏళ్ళు చల్లాను.
నాన్న నేర్పాడు, బ్యాంకు మెచ్చుకుంది.
కౌంటీలో ప్రతి బావికీ ఏటా ఉచితంగా పరీక్ష చెయ్యాలి.
అంతే.
తప్పెవరిదో రాయాలంటే
నా పేరు రాసుకోండి."

అందరం ఎవరి కప్పులోకి వాళ్ళం చూసుకున్నాం.

"బలపరిచేవాళ్ళు?"
అర్లిస్ పిల్లని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని
ఖాళీ అయిన చెయ్యి ఎత్తింది.

చేతులెత్తెయ్యడమంటే
ఇక నావల్ల కాదనడం అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.
ఏడు చేతులు లేచాయి,
చలికి పగిలినవి, ఒకటి కట్టు కట్టింది, ఒకటి నాది.

ఈ కాగితం కౌంటీ సభకి వెళ్తుంది.
ఆ తర్వాత ఏ బల్లకిందో దొర్లిపోతుంది క్వార్టర్‌లా,
వెతకడానికి ఎవరూ వంగరు.
తెలుసు. అయినా దిద్దుబాట్లు లేకుండా రాశాను:
అనుకూలం ఏడు.

"ఏడుగురు చాలా? చెల్లుతుందా?"
కుర్చీలు మడుస్తూ డెల్మర్.
రూలు పుస్తకం తిరగేస్తున్నాను.

ఇంతలో పిల్ల లేచి నీళ్ళడిగింది.
కుళాయి అక్కడే, నాలుగడుగుల్లో.
ఒక్క క్షణం
ఏడుగురిలో ఎవరమూ కదల్లేదు.