చప్పుడు లేకుండా

మొదటిసారి నేనే చంపేశాననుకున్నాను.
పోర్తో నది ఒడ్డునుంచి ఆఖరి ట్రామ్‌ని డిపోకి చేర్చి
మూడంతస్తుల మెట్లూ ఎక్కి
తలుపు తీస్తూనే "త్రీగూ!" అన్నాను, అంతే.
గోధుమరంగు బాక్సర్, ముప్ఫై కిలోల ఉరుకు,
నా మోకాళ్ళదాకా వచ్చి
దారం తెగిన పూసల్లా
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారి
పక్కకి ఒరిగిపోయాడు.

నాలుక పాలిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి,
వాటిలో నేను లేను.
పదకొండుదాకా లెక్కపెట్టాను, ఎందుకో తెలీదు.
పన్నెండుకి లేచి, నేలమీద తను చేసిన తడినే వాసన చూసి
ఎవరిదిది అన్నట్టు నావైపు చూశాడు.

డాక్టర్ ఫౌష్టీను వాడి ఛాతీకి తీగలంటించి
చిన్న యంత్రమొకటి కట్టాడు, ఒక పగలూ ఒక రాత్రీ.
కొరికేయకుండా మా తమ్ముడి పాత ఫుట్‌బాల్ చొక్కా తొడిగాను,
వీపుమీద తొమ్మిదో నంబరు.
మర్నాడు పొడవాటి కాగితం పరిచి వేలుపెట్టి చూపాడు:
"ఇదిగో, ఇక్కడ మీరు ఇంటికొచ్చారు."
దువ్వెన పళ్ళలాంటి గీతలు
ఆ ఒక్కచోటే చిక్కుపడి ఉన్నాయి.

మూర్ఛరోగం కాదట. గుండె తాళం తప్పడమట.
మాత్రలు రాశాడు, పూటకి ఒకటిన్నర.
"ఇంకో మాట, డియోలిందా గారూ," కళ్ళజోడు తుడుచుకున్నాడు,
"వాణ్ణి మరీ సంతోషపెట్టకండి."

సంతోషం పట్టలేకపోవడమంటే
మాటవరసకంటారనుకునేదాన్ని ఇన్నాళ్ళూ.

ఇప్పుడు నా ఇంట్లోకి నేనే దొంగలా వస్తాను.
రెండో అంతస్తులోనే బూట్లు విప్పేస్తాను.
తాళంచెవుల గుత్తికి మేజోడు తొడిగాను.
లోపలికొచ్చి, వాడివైపు చూడకుండా
కరెంటు బిల్లు చదువుతాను, ఉల్లిపాయ తరుగుతాను,
ఎవరింట్లోనో అద్దెకున్నట్టు.
వెనక మొండితోక గోడకి కొట్టుకుంటుంటుంది,
టప్ టప్,
ఆగి,
టప్.
ఆ ఆగినప్పుడల్లా కత్తి కూడా ఆగుతుంది.

కింది ఇంటి దోనా ఎర్మీనియా అడిగింది,
"కుక్కతో పోట్లాడావా ఏమిటే?"
ఏం చెప్పను.

పావుగంటకి ఊపిరి నెమ్మదిస్తుంది.
వచ్చి నా పాదంమీద కూర్చుంటాడు, వీపు నాకు తిప్పి,
వాడూ గోడనే చూస్తూ.
నేర్చుకున్నాడో, అలిగాడో.

ఒక్కోరాత్రి ఉండబట్టదు.
అప్పుడు కుళాయి పూర్తిగా తిప్పి
గిన్నెలమీద నీళ్ళు ధారగా పడుతుంటే
ఆ హోరులోకి వంగి, ఉత్త పెదాలతో,
త్రీగూ, అంటాను.

పాదంమీది బరువు
ఒక్క చెవి ఎత్తుతుంది.