రీడింగు

నగర కార్యాలయం వాళ్లు నాకో కెమెరా ఇచ్చారు,
మెడకు తాడు, చేతికో జాబితా:
కొలోన్ పేటలో ఫొటో తీయవలసిన పాత కట్టడాలు, నలభై మూడు.
"ఎదురుగా నిలబడి తీయండి, నేలిదా గారూ,
గుమ్మం సరిగ్గా మధ్యలోకి రావాలి" అన్నాడు కుర్రాడు.

ఎదురుగా నిలబడటం నాకు అలవాటు లేదు.
ముప్పై ఒక్క ఏళ్లు ఈ ఇళ్లకు పక్కనుంచే వెళ్లాను.
కరెంటు మీటరు ఎప్పుడూ పక్క గోడకే ఉంటుంది,
చెత్తడబ్బా వెనక,
కుక్క గొలుసు అందే దూరానికి జానెడు ఇవతల.

గులాబీరంగు మేడ. ద్రాక్షతోటల ఫ్రెంచి దొర కట్టించాడట,
పలక మీద చెక్కి ఉంది.
చెక్కనిది, వంటింటి వెనక మూడో మెట్టు విరిగిందని.
చీకట్లో అయినా నా కాలు దాన్ని దాటేస్తుంది.
ఫొటోలో బురుజు పడింది, మెట్టు పడలేదు.

రైల్వే స్టేషను.
నీలగిరి చెట్ల బెరడు ప్లాట్‌ఫారం నిండా,
ఒలిచిన చర్మంలా.
వాన చినుకు పడితే చాలు, ఎల్బియో ఇక్కడ బాణలి పెడతాడు.
వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి, డబ్బులొద్దన్నాడు,
"పొగ కూడా రానీ, అదే ఇక్కడ పాతది" అన్నాడు.
వచ్చింది. స్టేషనే సరిగ్గా కనబడలేదు.

పంతొమ్మిదో నంబరు.
"ఆగు ఆగు, ఆరేసిన బట్టలు తీసేస్తా" అని సుల్మా కేక.
ఉండనివ్వమన్నాను, వినలేదు.
దుప్పట్లు మడిచింది, లోపలికెళ్లి తల దువ్వుకుని వచ్చింది,
ఫొటోలో తను ఉండదని తెలిసి కూడా.
తలుపు వెనక నిలబడి,
నేను మీట నొక్కేదాకా ఊపిరి బిగబట్టింది.

తరవాత ఇరవై ఏడు.
జాబితాలో దాని పేరు పక్కన "ఇటాలియన్ శైలి, ఇనుప వరండా".

డెబ్బై అయిదు, చలికాలం. నాకు ఇరవై రెండేళ్లు,
ఉద్యోగం కొత్త, కంపెనీ టోపీ చెవులు దాటి దిగేది.
ఇంటివాళ్లు నది అవతలికి వెళ్లిపోయారు,
కిటికీలకు మేకులు కొట్టి మరీ.
కానీ గాజు వెనక పళ్లెం తిరుగుతోంది,
అంచున ఎర్ర గీత నెమ్మదిగా వచ్చి, పోయి, మళ్లీ వస్తోంది.
ఆ వేగం చదవడమే నా చదువు:
ఒక బల్బు. చిన్న రేడియో.
రాత్రిళ్లు కాసేపు హీటరు, అదీ సగంలో.

వీధి చివర సైన్యం జీపు, ఇంజను ఆపకుండా.
కిందటి నెల అంకెనే మళ్లీ రాశాను.
ఆ పై నెలా అదే.
పద్నాలుగు నెలలు నా పెన్సిలు అబద్ధమాడింది,
ఎవరి కోసమో ఇప్పటికీ తెలియదు.
ఓ ఆగస్టు ఉదయం ఎర్ర గీత ఎదురుగా వచ్చి నిలిచిపోయింది.
చాలాసేపు చూశాను. కుక్కలు కూడా మొరగలేదు.
వెళ్లిపోయారా, పట్టుకుపోయారా,
మీటరు అది చెప్పదు.

రాయకుండా దాచిన యూనిట్లు నూట తొంభై ఆరు.
ఆ ఇంట్లోకి పళ్ల డాక్టరు బెర్గారా వచ్చాక
నెలకు నాలుగైదు చొప్పున ఆయన బిల్లులో కలిపేశాను.
పాపం, చివరి పైసా దాకా కట్టాడు,
ఎవరి దీపానికో తెలియకుండా.

ఇప్పుడు క్లినిక్ ఆయన కూతురిది.
"తీసుకోండి, కాస్త మా బోర్డు కూడా పడేలా" అంది.
ఎదురుగా నిలబడి తీశాను. గుమ్మం మధ్యలోకే వచ్చింది.
ఆ తరవాత పక్కకు వెళ్లాను.
పాత మీటరు ఎప్పుడో ఊడదీశారు,
గోడ మీద వెలిసిన చదరం, నాలుగు మేకు కన్నాలు.
వంగి, మోకాళ్లు కిర్రుమంటుంటే, దాన్నీ తీశాను.

కుర్రాడు తెర మీద చూసి ఆగిపోయాడు.
"ఇదేమిటి? జాబితాలో లేదే. కింద ఏం రాయమంటారు?"

"నూట తొంభై ఆరు" అన్నాను.
ఇంటి నంబరనుకుని రాసేసుకున్నాడు.